అవ్వ చేను ఎవరిది? ఇనిషియల్ వెనక పోయిన ఇంటిపేరు కోసం వెదుకులాట

ఆంధ్రలో తెలుగు వాళ్ళకు ఇంటిపేరు ఉంటుంది. తమిళనాడులో మాకు ఇనిషియల్ ఉంటుంది. ఈ ఒక్క తేడా వల్ల పాత కాగితాల్లో మా పెద్దల్ని వెదికి పట్టుకోవడం ఎంత కష్టమో, చివరికి ఇంట్లో మాట్లాడే తెలుగే ఎట్లా దారి చూపిందో ఈసారి రాస్తాను.

మాది పాత తిరునెల్వేలి సీమ, సాత్తూరు తాలూకాలో ఒక నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నేను నలభై దాటినాక నేర్చుకున్నాను. అచ్చుతప్పులుంటే సర్దుకుని చదవండి. ఇంకొక మాట ముందే చెప్పేస్తాను. ఈ సంగతులు రాయడానికి మా అత్త (నాయన చెల్లెలు) ఒక్క షరతు పెట్టింది: పేర్లు రాయొద్దని. అందుకని మా ఊరి పేరు, ఇంటిపేరు, మనుషుల పేర్లు ఇక్కడ కనబడవు.

ఇనిషియల్ సంగతి మొదట. మా ఇండ్లలో పెద్ద కొడుక్కి తాత పేరు పెడతారు. తాత రామసామి అయితే నాయన వెంకటసామి, కొడుకు మళ్ళీ రామసామి. కాగితంలో వె. రామసామి, రా. వెంకటసామి, మళ్ళీ వె. రామసామి. (ఉదాహరణకు చెబుతున్నా, ఇవి మా వాళ్ళ పేర్లు కావు.) నూరేళ్ళ పట్టాలు, చిట్టాలు తిప్పినా ఈ రెండు పేర్లే దాగుడుమూతలాడుతూ ఉంటాయి. పైగా అన్నదమ్ములందరూ తమ పెద్దకొడుక్కి ఆ తాత పేరే పెడతారు కాబట్టి ఒకే ఊర్లో ఒకే పేరు వాళ్ళు నలుగురైదుగురు ఉంటారు. ఇంటిపేరు పక్కన ఉంటే ఈ ముడి సులువుగా విడిపోయేది. సర్కారు కాగితం ఇంటిపేరు ఎప్పుడూ అడగలేదు. తండ్రి పేరు అడిగింది, కులం అడిగింది, ఊరు అడిగింది. ఇంటిపేరు మాత్రం పెండ్లి సంబంధాలప్పుడు నోటిమాటగానే బతికింది.

మా ఇంట్లో చెప్పుకునే కథ మీ ఇంట్లో చెప్పుకునేదే. విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మధురకు వచ్చినప్పుడు ఆయన దండుతో వచ్చినాము, గుర్రాలెక్కి వచ్చినాము, ఈ భూములు ఆయనిచ్చినవి. దానికి తోడు ఇంకొక కథ: తురకరాజు మా ఆడపిల్లను అడిగితే రాత్రికి రాత్రి పారిపోతుంటే ఏరు అడ్డమొచ్చింది, గట్టున ఉన్న కానుగ చెట్లు వంగి వంతెనయినాయి. ఈ రెండో కథను 1909లో అచ్చయిన థర్స్టన్ ఏడు సంపుటాల పుస్తకంలో తొట్టియర్ల కథగా చూసినాను. అదే కథను వేరే కులాల తెలుగు వాళ్ళూ తమదే అని చెప్పుకుంటారు. ఇడైసెవల్ ఊరి కి. రాజనారాయణన్ 1976లో తమిళంలో రాసిన 'గోపల్ల గ్రామం' కూడా ఇట్లా పారిపోయి వచ్చి కరిసల్ నేలలో నిలిచిన తెలుగు కుటుంబాల కథే. ఆయన్ను చదువరులు 'నైనా' అని మన మాటతోనే పిలిచేవాళ్ళు.

కథ అబద్ధమని నేననను. ఇంతమంది చెప్పుకునే కథలో ఏదో పాత వలస జ్ఞాపకం ఉంటుంది. కానీ అందరిదీ అయిన కథ మా ఇంటికి సాక్ష్యం కాదు. ఆ తేడా నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా నేనూ పెండ్లిళ్ళలో గుర్రాల కథే చెప్పేవాణ్ణి.

నాయన పోయినాక వారిసు సర్టిఫికెట్టు తీసి పట్టా మార్చాల్సి వచ్చింది. తాయి పత్రం కావాలన్నారు. రేకుపెట్టె తెరిచినాను. అందులో తాత పేర ఒక పత్రం దొరికింది. అప్పుడు తెలుసుకున్న మొదటి పాఠం: పత్రంలో మనకు కావలసింది విస్తీర్ణం, ధర కాదు, మొదటి పేరా. 'ఈ ఆస్తి నాకు ఎట్లా వచ్చిందంటే' అని రాసే భాగం. అక్కడ పాత పత్రం నంబరు, సంవత్సరం, ఏ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నమోదైందీ రాసి ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని నకలు అడిగితే, దాని మొదటి పేరాలో అంతకు ముందరి నంబరు ఉంటుంది. దిగుడుబావిలో మెట్టుమెట్టుగా దిగినట్టు. నంబరు లేకపోయినా దారి ఉంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్థిరాస్తి పత్రాల నకళ్ళు ఒకటో పుస్తకంలో ఉంటాయి. వాటికి రెండు సూచికలు: ఒకటి మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి మీద. మన వాళ్ళ పేర్లు కలగాపులగం కాబట్టి పేర్ల సూచికలో మునగకండి, ఊరు, సర్వే నంబరు పట్టుకుని రెండో సూచికలో వెదకండి. కంప్యూటర్లో తీసే విల్లంగ సర్టిఫికెట్టు ఇటీవలి కాలానికే పనికొస్తుంది. పాతదానికి అర్జీ పెట్టి చేత్తో వెదికించుకోవాలి. ఓపిక కావాలి.

రెండో పాఠం జిల్లాల గురించి. మా సాత్తూరు తాలూకా 1910 దాకా తిరునెల్వేలి జిల్లా. 1910లో రామనాథపురం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. 1985లో కామరాజర్ జిల్లా, తరువాత దాని పేరే విరుదునగర్. ఊరు కదల్లేదు, కాగితాలు మాత్రం కదిలినాయి. విరుదునగర్ అని వెదికితే 1890 నాటి దస్త్రం ఎక్కడా దొరకదు.

ఇది మనలో చాలామందికి వర్తిస్తుంది. బరంపురం వాళ్ళు 1936 ఏప్రిల్ 1కి ముందరివి ఒడిశా కింద వెదకొద్దు, అప్పుడు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బళ్ళారి 1953 అక్టోబరు 1 దాకా మద్రాసులోనే. నాందేడ్ వైపు వాళ్ళు 1956 దాకా హైదరాబాదు రాజ్యం. అందరికన్నా అదృష్టవంతులు యానాం వాళ్ళు. ఫ్రెంచివాళ్ళు పుట్టుక, పెండ్లి, చావు రిజిస్టర్లను 'ఎతా సివిల్' అని పెట్టినారు. 1881 డిక్రీ కింద సొంత ధర్మశాస్త్రం వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి వచ్చినవాళ్ళు ఇంటిపేరు ఎంచుకుని రాయించుకోవాలి కూడా. మాకు ఇంటిపేరు రాయడమే లేదు, అక్కడ రాయకపోతే ఒప్పుకోరు.

మళ్ళీ మా ఊరికి వస్తాను. తాత పత్రం నుంచి వెనక్కి పోయి పోయి, పంతొమ్మిదో శతాబ్దం చివర రాసిన ఒక దానపత్రం దగ్గర ఆగినాను. నకలు చేతికొచ్చినాక చదవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ కాలపు తమిళ రాతలో చుక్కలు పెట్టరు, అంకెలు తమిళ అంకెలు, భాగాలు మా, కాణి, వీసం. తేదీ చూస్తే ఒక పక్క తమిళ సంవత్సరం పేరు, ఇంకో పక్క కొల్లం సంవత్సరం. ఈ రెండూ భయపెట్టేవి కావు. సంవత్సరాల పేర్లు మన ప్రభవ, విభవలే. అయితే అవి అరవై ఏళ్ళకొకసారి తిరిగొస్తాయి కాబట్టి ఒంటరిగా నమ్మలేము. తిరునెల్వేలి సీమ పత్రాల్లో కనబడే కొల్లం అంకెకు 825 కలపండి, ఆవణి నుంచి డిసెంబరు దాకా అయితే 824. జయ సంవత్సరం, కొల్లం 1070 అని ఉంటే అది 1894-95. రెండూ కుదిరితే తేదీ గట్టిది.

పత్రం ఇచ్చింది ఒక ఆడమనిషి. విధవ. చివర సంతకం లేదు, ఒక గీత, పక్కన 'ఫలానా ఆమె కీరల్' అని రాయసగాడి రాత. మొదటి పేరాలో ఉన్నది నా మాటల్లో చెప్పాలంటే: నా పెనిమిటి కొడుకులు లేక పోయినాడు. మాకున్నది ఒక్క కూతురు. దాని మొగుడు ఫలానా ఊరి వాడు, మా ఇంట్లోనే 'ఇల్లటం'గా ఉండి సేద్యం చూసుకుంటున్నాడు. కాబట్టి ఈ చేను నా కూతురికి ఇస్తున్నాను.

ఆ కూతురు మా ముత్తాత తల్లి. ఆ ఇల్లటం వచ్చిన అల్లుడు మా ముత్తాత తండ్రి. మేము చెప్పుకునే వంశావళి ఆయనతోనే మొదలవుతుంది, 'ఈ ఊర్లో మొదట పాదు వేసినవాడు' అని.

అంటే ఈ ఊరి భూమి విశ్వనాథ నాయకుడిచ్చింది కాదు. ఒక ముసలామె ఇచ్చింది.

నేను ఒకే కాగితాన్ని నమ్మే రకం కాదు. ఒకే పేరు వాళ్ళు ఎందరో అని పైనే చెప్పినాను కదా. ఈ పత్రంలోని మనిషి మా మనిషేనా అని తేల్చింది మా ఇంటి మాటలు.

మొదటిది చేను పేరు. ఆ చేనుకు కాగితంలో సర్వే నంబరు ఉంది. ఇంట్లో మాత్రం దాని పేరు 'అవ్వ చేను'. చిన్నప్పట్నుంచీ వింటున్నాను, ఏ అవ్వ అని ఎవ్వరూ అడగలేదు. ఎవరో ముసలామె దగ్గర కొనింటారు అనుకున్నాము. చుట్టూ తమిళం కదా, ఏ ముసలామెనైనా అవ్వ అనడం మాకూ అలవాటయింది. కానీ మా ఇంటి పాత లెక్క వేరు. నాయన తల్లి జేజి. అమ్మ తల్లి అవ్వ. రాయలసీమలో ఇప్పటికీ చాలాచోట్ల ఇదే లెక్క. మామూలుగా మొగవాళ్ళ వరసలో దిగిన చేనయితే జేజి చేను కావాలి, తాత చేను కావాలి. అవ్వ చేను అంటే ఆ పేరు పెట్టినవాళ్ళకు అది తల్లి వైపు నుంచి వచ్చింది. ఎవరు ఆ పిల్లలు? తల్లిగారింట్లోనే పుట్టి పెరిగిన పిల్లలు. ఇల్లరికపు ఇంట్లో పిల్లలకు ఎదురుగా కనబడేది జేజి కాదు, అవ్వ. మా ముత్తాత, ఆయన తమ్ముడు చిన్నప్పుడు ఆమెను పిలిచిన పిలుపే చేను పేరయి కూచుంది. నలుగురు తరాల నోట్లో అట్లే వచ్చింది.

రెండోది పొలం గట్లు. పత్రంలో నాలుగు ఎల్లలు రాస్తారు: తూర్పున ఎవరి చేను, పడమట ఎవరిది అని. అన్నదమ్ములు పంచుకున్న భూమి అయితే ఎల్లల్లో దాయాదుల పేర్లే ఉంటాయి. మా చేనుకు మూడు పక్కల ఉన్నది ఒకే ఇంటిపేరు వాళ్ళు, ఈ రోజుకీ వాళ్ళే. మేము వాళ్ళను ఏమని పిలుస్తాము? మామ, బావ. చిన్నాయన, పెద్దనాయన కాదు. ఇన్నేళ్ళూ గట్టు మీద నిలబడి 'ఏం మామా, పత్తి ఏరినారా' అని అడుగుతున్నాను, ఆ పిలుపులో మా ఊరి చరిత్ర ఉందని తట్టలేదు. వాళ్ళది ఆ అవ్వ మొగుడి వంశం.

మూడోది మైల. మీ ఇంట్లో పెద్దవాళ్ళను 'మన పూర్వీకులు ఎవరు' అని అడగకండి, గుర్రాల కథ చెబుతారు. 'ఎవరు పోతే మనకు అంటు?' అని అడగండి. టక్కున చెబుతారు. అంటు పాటించేవాళ్ళే పంగాళ్ళు, అంటే దాయాదులు. మాకు అంటు ఉన్నది ఊర్లో ముత్తాత తమ్ముడి ఇంటివాళ్ళతో, ఆ తరువాత ఐదారు కోసుల దూరంలో ఉన్న ఇంకో ఊరి వాళ్ళతో. మా ఇలవేల్పు గుడి ఉన్నది ఆ ఊర్లోనే, ప్రతి శివరాత్రికి పోతాము. పత్రంలో అల్లుడి ఊరని రాసి ఉన్నదీ అదే.

ఇక్కడ రెండు రకాల నోటుపుస్తకాల గురించి చెప్పాలి. ఏ ఆర్కైవ్స్‌లోనూ ఉండవు, నా లెక్కలో వాటికన్నా విలువైనవి. ఒకటి గుడి తలకట్టు వరి నోటు. గుడి ఖర్చుకు ఇంటికింత అని పంగాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. పెండ్లయి వేరుపడిన ప్రతి మొగవాడూ ఒక తలకట్టు. ఏటా కొత్త తలకట్టు చేరుతుంది, పోయినవాళ్ళ పేరు కొట్టేస్తారు. రెండోది మొయ్యి నోటు. పెండ్లికి ఎవరు ఎంత చదివించినారో రాసిన పుస్తకం. తిరిగి పెట్టాల్సిన బాకీ కాబట్టి దాన్ని ఎవరూ పారేయరు, బియ్యం డబ్బా మీద పెట్టయినా దాస్తారు. మా అత్త పెండ్లి మొయ్యి నోటులో ఒకే ఊరి నుంచి ఒకే పేరు వాళ్ళు ముగ్గురు వచ్చినారు. రాసేవాడికి ముగ్గురినీ వేరు చెయ్యాల్సిన అవసరం పడింది. ఇనిషియల్ చాల్లేదు. అందుకని పక్కన ఇంటిపేరు రాసినాడు! అంతవరకు నేను చూసిన కాగితాలన్నిటిలో మా ఇంటిపేరు రాతలో కనబడ్డ చోటు అదొక్కటే.

కాకపోతే తమిళ అక్షరాల్లో రాసినాడు. తమిళంలో క, గ ఒకటే అక్షరం, త, ద ఒకటే, ప, బ ఒకటే. కుంట అన్నా గుండ అన్నా రాతలో తేడా తెలియదు. ఇట్లాంటి చోట ఇంట్లో పలికే మాటే గతి. పలికే పెద్దవాళ్ళు ఉండగానే ఫోనులో గొంతు పట్టిపెట్టుకోండి. నేను మా జేజిది పట్టలేకపోయినాను. పెండ్లి పాటలు పాడేది, ప్రతి ఇంటిపేరూ ఒత్తి పలికేది. ఆమె ఉన్న రోజుల్లో నాకు వీటి మీద ధ్యాస లేదు.

ఇంటిపేరు దొరికిందని మురిసిపోయి దాన్ని పట్టుకుని ఆంధ్రకు పరుగెత్తడం ఇంకొక పొరబాటు. అదీ చేసినాను. మన ఇంటిపేర్లు సగం ఊరి పేర్లే, అదే పేరుతో ఆంధ్రలో ఎన్ని ఊళ్ళుంటాయో! కొత్తపల్లి అన్న ఇంటిపేరు పట్టుకుని ఏ కొత్తపల్లికి పోతారు? జేజి, అవ్వ లాంటి మాటలు సీమను చూపిస్తాయి, ఊరిని చూపించవు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వేసిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మీద. అది ముందు పెట్టుకుని మా ఇంటి సేద్యపు మాటలు పోల్చుతున్నాను. దక్షిణ సీమ వైపే మొగ్గు కనబడుతోంది. అంతకుమించి చెప్పడం తొందరపాటు.

జనగణన దస్త్రాల కోసం తిరగొద్దు, అక్కడ లెక్కలు దొరుకుతాయి, ఇంటింటి పేర్లు దొరకవు. మీ వాళ్ళకు ఇనాం భూములు ఉండి ఉంటే మాత్రం మద్రాసు ఎగ్మోరులోని ఆర్కైవ్స్‌లో ఇనాం రిజిస్టర్లు తప్పక చూడండి. 1858లో వేసిన ఇనాం కమిషన్ వాళ్ళు ఎవరిచ్చినారు, ఎవరికిచ్చినారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు అని వరసగా రాసినారు. జమీను ఊళ్ళ వాళ్ళకు ఇంకొక చిక్కు: 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందు రైతు లెక్కలు జమీను కచేరీలో ఉండేవి, సర్కారు దగ్గర కాదు. తమిళనాడులో 1980 నవంబరులో వంశపారంపర్య కరణాల్ని తీసేసినప్పుడు కొన్ని పాత పుస్తకాలు వాళ్ళ ఇండ్ల అటకల మీదే ఉండిపోయినాయి. కరణం ఇంటికి మర్యాదగా ఒకసారి పోయి రావడం మంచిది.

ఇదంతా తేలినాక మా అత్తకు చెప్పినాను. ఆమె ముఖం మాడిపోయింది.

"అంటే మనము ఇల్లరికం వచ్చినోళ్ళమా?"

అవును అత్తా అన్నాను. మద్రాసు కోర్టు తీర్పుల్లో ఇల్లటం అన్న మాట తెలుగు మాటగానే ఉంది, రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఆచారమని కోర్టులు ఒప్పుకున్నాయి, ఆ అల్లుడికి కొడుకుతో సమానంగా భాగం, పుట్టింట్లో హక్కూ పోదు, ఇంటిపేరూ మారదు, అందుకే మనకు ఆయన ఇంటిపేరు నిలిచింది అని నాకు తెలిసిందంతా చెప్పుకొచ్చినాను. ఆమెకు కోర్టుతో ఏం పని.

"గుర్రమెక్కి వచ్చినామని మా నాయన చెప్పి పోయినాడు. నువ్వు ఇప్పుడు అల్లుడుగా వచ్చినామని ఊర్లో చెబుతావా అల్లుడా? ఆ మామోళ్ళు మన చేనే మీకిచ్చినాము అనరా?"

ఆమె భయంలో అర్థముంది. భూమి సంగతులు ఉత్త చరిత్ర కాదు. గట్టు పక్కవాళ్ళతో మంచిగా ఉన్నాము, నూరేళ్ళ పైబడిన పత్రం తీసి చూపించి దాన్ని చెడగొట్టుకోవడం ఎందుకు? పేర్లు రాయొద్దన్న షరతు అక్కడే పుట్టింది. నేను ఒప్పుకున్నాను. మీరూ ఇట్లాంటిది బయటపెట్టే ముందు బతికున్నవాళ్ళను ఒక మాట అడగండి.

రెండు వారాలు ఆమె నాతో సరిగా మాట్లాడలేదు. ఆ తరువాత ఒకనాడు పొద్దున్నే ఫోను చేసింది.

"జేజి పెద్దల పండగకు ఒక ఆకు ఎక్కువ వేసేది, గుర్తుందా నీకు? మీకెవరికీ గుర్తుండదులే. మొగోళ్ళ పేర్లన్నీ చెప్పి అన్నం పెట్టినాక చివర ఒక ఆకు వేసి, తెల్లచీర మడిచి పెట్టేది. ఎవరికని అడిగితే చేనిచ్చినామెకు అనేది. నేను భూదేవికనుకున్నా."

నేనేమీ మాట్లాడలేకపోయినాను. జేజి పోయినాక ఆ ఆకు వేయడం మా ఇంట్లో ఆగిపోయింది.

"ఆమె పేరేమని ఉంది ఆ పత్రంలో? చెప్పు, రాసుకుంటా. ఈసారి నుంచి పెడదాము."

చెప్పినాను. అత్తకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. తమిళంలో రాసుకుంది. పేరులో ఉన్న గ అక్షరాన్ని రేపు పిల్లలు క అని చదవకుండా పక్కన ఒక చుక్క పెట్టుకోమన్నాను.

ఇలవేల్పు గుడి పాత తలకట్టు నోటు పెద్ద పంగాళి ఇంట్లో ఉందట. శివరాత్రికి చూపిస్తామన్నారు. ఆ అల్లుడి తండ్రి పేరు అందులో ఉంటే మళ్ళీ రాస్తాను.